సెంట్రిఫ్యూగల్ హౌస్ పిల్లలు

పటమట, విజయవాడ
ఆదివారం మధ్యాహ్నం

అమ్మకి,

నీ చిన్ని నమస్కారాలతో రాస్తున్నది. నేనిక్కడ బాగానే ఉన్నాను. మోకాలి నొప్పి సంగతి నువ్వు అడిగేలోగా నేనే చెప్తున్నాను, తగ్గింది. అక్కడ నువ్వూ, జయంత్ అన్నయ్యా, వదినా, పిల్లలూ కులాసాగా ఉన్నారనుకుంటాను. జంషెడ్‌పూర్‌లో వానలు ఎక్కువగా ఉన్నాయని టీవీలో చూశాను. తడి నేల మీద జాగ్రత్తగా నడువు.

నీ ఉత్తరం బుధవారం అందింది. మా అపార్ట్‌మెంటుకి పోస్టులో నీ ఉత్తరాలూ, బ్యాంకు కాగితాలూ తప్ప ఏవీ రావు. కొత్తగా చేరిన వాచ్‌మన్ భార్య ఆదెమ్మ ఆ కవరు పట్టుకుని మెట్లన్నీ ఎక్కి వచ్చి, "మేడంగారూ, ఎవరో చేత్తో రాశారండీ మీకు" అంది. ఎవరు రాశారో చెప్పేదాకా గుమ్మం కదల్లేదు. మా అమ్మ అని చెప్తే, "పాపం, ఆవిడకి ఫోను లేదాండీ?" అని జాలిపడింది. ఫోను ఉంది గానీ నువ్వు స్పీకరు పెట్టి మాట్లాడతావు, మన మాటలు ఇంటిల్లిపాదీ వింటారు అని ఆమెకేం చెప్పను. ఉత్తరమైతే నువ్వొక్కదానివే చదువుకుంటావు. ఇది మాత్రం తప్పకుండా నువ్వొక్కదానివే చదువు.

కాలువలకి నీళ్లొదిలారా అని అడిగావు. వదిలారు. పోయిన ఆదివారం ఉయ్యూరు వెళ్లాను. దారి పొడవునా కాలువలు ఎర్రటి నీళ్లతో గట్లు ఒరుసుకుని పారుతున్నాయి. కంకిపాడు దాటాక నాట్లు పడుతున్నాయి. మనం అద్దెకున్న ఇల్లు పడగొట్టి అక్కడ మేడ కట్టారు. వీధి మొగలో కుళాయి మాత్రం అలాగే ఉంది. పంచదార ఫ్యాక్టరీ ఆడుతున్న రోజుల్లో ఊరంతా కమ్ముకునే ఆ తియ్యటి మడ్డి వాసన ఇప్పుడు లేదు, ఇది సీజను కాదుగా. అయినా బస్సు దిగగానే నాకు ఆ వాసనే వచ్చింది. చెరకు పిప్పి నుసి ఆరేసిన బట్టల మీద పడుతుందని నువ్వు దండెం మీది చీరలన్నీ లాక్కుని లోపలికి పరిగెత్తడం గుర్తొచ్చింది. ఉయ్యూరు ఎందుకు వెళ్లానో కాసేపట్లో రాస్తాను.

మీ పక్కింటి శ్రీకాకుళం ఆవిడ "మీ అమ్మాయి ఏం పని చేస్తుందండీ" అంటే "కాలేజీలో పాఠాలు చెప్తూ, మిగతా టైములో కరెంటుతో ఏదో మంట తిప్పుతుందట" అని చెప్పానని రాశావు. చాలాసేపు నవ్వుకున్నాను. నిజానికి మా పని గురించి అంత బాగా మా డిపార్ట్‌మెంటులోనే ఎవరూ చెప్పలేదు. అయినా ఆవిడ మళ్లీ అడుగుతుంది కాబట్టి ఇంకాస్త రాస్తాను.

గాలిలాంటి ఏ వాయువులోంచైనా గట్టి కరెంటు పంపితే దాని అణువులు చెదిరి, వెలిగే పదార్థంగా మారుతుంది. దాన్ని ప్లాస్మా అంటారు. ట్యూబులైటులో వెలిగేది అదే, మెరుపులో కనిపించేది అదే, సూర్యుడంతా అదే. మామూలు గాలి అయస్కాంతాన్ని లెక్కచెయ్యదు. ప్లాస్మా మాత్రం దాని మాట వింటుంది. మా యంత్రం ఒక నిలువెత్తు స్టీలు పీపా. అందులో గాలంతా తోడేసి, కాస్త ఆర్గాన్ అనే వాయువు వదులుతాం. చుట్టూ రాగితీగ చుట్టలు ఉంటాయి. వాటివల్ల అయస్కాంత బలం పీపా పొడవునా పైనుంచి కిందికి ఉంటుంది. విద్యుత్ బలం మధ్యనుంచి అంచుకి ఉంటుంది. ఈ రెండిటి మధ్యా ఇరుక్కున్న ప్లాస్మా అటూ పోలేక, ఇటూ పోలేక పక్కకి జరుగుతుంది. పక్కకి జరిగి జరిగి గుండ్రంగా తిరగడం మొదలుపెడుతుంది. తిప్పడానికి ఇరుసు లేదు, బుట్ట లేదు. పీపా గోడ తగలకుండా వంగపువ్వు రంగులో వెలుగుతూ తిరుగుతుంది. ఎంత వేగమంటే, ఆ వేగంతో వెళ్తే బెజవాడ నుంచి బందరు చేరడానికి ఐదారు సెకన్లు చాలు.

తిరిగితే ఏమొస్తుంది అంటావు. ఏమొస్తుందో నాన్నకి తెలుసు. ఆవిడతో ఇలా చెప్పు: మా ఆయన పంచదార ఫ్యాక్టరీలో చేసిన పనే మా అమ్మాయీ చేస్తోంది అని.

నాన్న నన్ను మొదటిసారి ఫ్యాక్టరీలోకి తీసుకెళ్లిన రోజు నీకు గుర్తుందో లేదో. ఆయుధపూజ అయిన కొన్నాళ్లకి, సీజను అప్పుడే మొదలైంది. జడలకి రిబ్బన్లు కట్టి, "మెషిన్ల దగ్గరికి పోనివ్వకండి" అని వంద జాగ్రత్తలు చెప్పి పంపావు. సెంట్రిఫ్యూగల్ హౌసులో అడుగుపెడితే ఆ వేడికీ ఆ హోరుకీ నాకు ఏడుపొచ్చింది. నాన్న నన్ను ఎత్తుకుని కటకటాల పక్కన నిలబడి, "ఇప్పుడు కళ్లార్పకుండా చూడు చిన్నీ" అన్నారు. జల్లెడలా సన్నటి చిల్లులున్న పెద్ద స్టీలు బుట్టలోకి నల్లటి చిక్కటి పాకం పడింది. బుట్ట తిరగడం మొదలైంది. పాకం గోడలెక్కింది. చూస్తుండగానే నలుపు గోధుమరంగయింది, గోధుమరంగు తేనెరంగయింది. పక్క మిషను దగ్గరున్న ఆమోసుగారు నవ్వుతూ నీళ్లు చిమ్మే గొట్టం తిప్పారు. తేనెరంగు పోయి తెల్లగా మెరిసింది. అంత నల్లటి దాంట్లో అంత తెలుపు ఎక్కడ దాక్కుందని అడిగితే నాన్న, "తిప్పితే వేరవుతుందమ్మా. లేనిది మనం తేలేం, ఉన్నదాన్ని వేరుచెయ్యగలం" అన్నారు. గోరువెచ్చటి పంచదార నా దోసిట్లో పోశారు. ఇంటికొచ్చేసరికి చేతులూ, జడలూ, గౌనూ అంతా బంక. నువ్వు ముందు ఆయన్ని తిట్టి, తరవాత నాకు స్నానం చేయించావు.

మా పీపాలో జరిగేదీ అలాంటిదే, కాకపోతే జల్లెడ లేదు. గిరగిరా తిరిగేటప్పుడు బరువైన అణువులు అంచుకి పోతాయి, తేలికవి లోపలే ఉండిపోతాయి. దీనితో చాలా పనులున్నాయి. అణువిద్యుత్తు తీశాక మిగిలే వ్యర్థంలో ప్రమాదకరమైన బరువు పదార్థాలని విడదీయవచ్చునని కొందరు ప్రయత్నిస్తున్నారు. సూర్యుడిలో జరిగేదాన్ని నేల మీద జరిపించాలనుకునేవాళ్లు, ప్లాస్మా చేతికి అందకుండా జారిపోతుంటే, దాన్ని బాగా వేగంగా తిప్పి ఒకచోట పట్టి ఉంచాలని చూస్తున్నారు. మేం చేసేది చిన్న పని. "ల్యాబులో బూడిద మూటలెందుకే?" అన్నావు కదా, అది ఇబ్రహీంపట్నం కరెంటు ఫ్యాక్టరీ బూడిద. బొగ్గు కాలగా మిగిలిన ఆ బూడిదలో అరుదైన లోహాలు లేశమాత్రంగా ఉంటాయి. దాన్ని ఆవిరి చేసి మా ప్లాస్మాలో కలిపి, ఆ లోహాలు వేరవుతాయేమో చూస్తున్నాం. లేనిది తేలేం, ఉన్నదాన్ని వేరుచెయ్యగలం.

యంత్రం పనిచేసిందా అని అడిగావు. పనిచేసింది. ఎలా పనిచేసిందో చెప్పాలంటే ఎలక్ట్రికల్ సారు గురించి చెప్పాలి. మా కాలేజీలోనే ఎలక్ట్రికల్ విభాగం, మూడేళ్ల కిందట వచ్చారు, యంత్రానికి కావలసిన కరెంటు సంగతులన్నీ ఆయనే చూస్తారు అని ఇంతకుముందు రాశాను.

మా ప్లాస్మా నెమ్మదిగా తిరిగినంతసేపూ బుద్ధిగా ఉండేది. వేగం పెంచితే చాలు, అంచు నుంచి నాలుకల్లా బయటికి సాగి, గోడ తగిలి, ఆరిపోయేది. రెండేళ్లు అదే వరస. నేను అయస్కాంతం బలం పెంచి చూశాను, వాయువు తగ్గించి చూశాను. ఫిబ్రవరిలో ఒకరోజు సారు నా గదికి వచ్చారు.

"మేడం, మీరు దాన్నంతా ఒకే ముద్దగా తిప్పుతున్నారండి. అందుకే ఎక్కడ ఉబ్బినా ఆ ఉబ్బు పెరుగుతోంది."

"అయితే ఏం చేద్దామంటారు?"

"పీపా అడుగున కరెంటిచ్చే పళ్లేన్ని వలయాలుగా కోద్దాం. ఒక్కో వలయానికీ వేరే వోల్టేజీ ఇద్దాం. లోపలి పొర వేగంగా, బయటి పొర నిదానంగా తిరుగుతుంది. నాలుక సాగబోయేసరికి పక్క పొర దాన్ని లాగి తెంపేస్తుంది."

ఇలా వేరువేరు వేగాలతో తిరిగితే నిలకడ వస్తుందని నేనూ చదివాను. కానీ ఢిల్లీ నుంచి కమిటీ జూన్‌లో వస్తోంది. మా పని కొనసాగాలో ఆగాలో వాళ్లే తేలుస్తారు. "ఇప్పుడు పీపా విప్పితే మళ్లీ గాలి చొరకుండా బిగించేసరికి పుణ్యకాలం కాస్తా అయిపోతుందండీ" అన్నాను.

"విప్పకపోతే కమిటీకి ఆరిపోయే మంటే చూపిస్తాం" అన్నారాయన.

నాకు కోపం వచ్చింది. నా పద్ధతి నీకు తెలుసు, కోపమొస్తే మాట్లాడను. ఆయన అరిచే మనిషి కాదు. "మీ ఇష్టమండి" అని వెళ్లిపోయారు. వారం రోజులు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఒక మధ్యాహ్నం మళ్లీ వేగం పెంచాను, మళ్లీ ఆరిపోయింది. పీపా కిటికీ అద్దంలో చీకటి తప్ప ఏమీ లేదు. లేచి ఎలక్ట్రికల్ బ్లాకుకి నడిచాను. ఆయన క్యారేజీ విప్పుకుని భోజనానికి కూర్చున్నారు. "విప్పేద్దాం రండి" అన్నాను. "కూర్చోండి, ముందు తిందాం" అన్నారు. గోంగూర పచ్చడీ, ముద్దపప్పూ. ఆ రోజు ఆయన అన్నం సగం నేనే తిన్నాను.

ఎండాకాలమంతా విప్పడం, కోయడం, బిగించడం. గాలి ఎక్కడో చొరబడేది, వెతికి పట్టుకునేవాళ్లం, ఇంకోచోట చొరబడేది. నాతో పరిశోధన చేస్తున్న లక్ష్మీకాంత్ పెళ్లిచూపులు వాయిదా వేసుకుని మరీ ఉన్నాడు. కమిటీ వచ్చేనాటికి కొత్త వలయాలతో పూర్తి వేగం ఒక్కసారి కూడా పరీక్షించలేదు.

ఇద్దరు పెద్దమనుషులు కుర్చీల్లో కూర్చున్నారు. మొదటిసారి వెలిగించాం. తిరిగింది, ఊగింది, ఆరిపోయింది. ఒకాయన పెన్ను తీశారు. సారు బయటి వలయం వోల్టేజీ కాస్త తగ్గించి, నా వైపు చూసి తలూపారు. మళ్లీ వెలిగించాను. వేగం పెంచాను. నాలుకలు సాగే చోటు వచ్చింది. ఒకటి సాగబోయింది. సాగలేదు. ఇంకా పెంచాను. వెలుగు సన్నబడి, నున్నగా, నిశ్చలంగా నిలబడిపోయింది. అంత వేగంగా తిరుగుతున్నది కదలకుండా ఉన్నట్టే కనిపించింది. పెన్ను పట్టుకున్నాయన లేచి వచ్చి అద్దంలోకి వంగి, "ఇది ఎప్పుడు ఆరుతుంది?" అని ఇంగ్లీషులో అడిగారు. "మేం ఆపినప్పుడు" అన్నారు సారు.

వాళ్లు వెళ్లిపోయాక కూడా నేను ఆ అద్దం దగ్గరే నిలబడ్డాను. నాన్న భుజం మీద నుంచి బుట్టలోకి చూస్తున్నట్టే ఉంది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. సారు పక్కకొచ్చి నిలబడి, మెల్లగా అన్నారు:

"మీ నాన్నగారూ, మా నాన్నా ఉంటే, ఇదంతా సరేగానీ పంచదార ఎక్కడ్రా అని అడిగేవాళ్లు."

అమ్మా, ఇన్ని ఉత్తరాల్లో "సారు, సారు" అని రాశాను గానీ పేరు రాయలేదు. నువ్వూ అడగలేదు. ఆయన పేరు సొలొమోను. మన ఆమోసుగారి అబ్బాయి.

నాకంటే రెండు క్లాసులు పైన చదివేవాడు. నీకు గుర్తుండే ఉంటాడు, పదో తరగతిలో స్కూలు ఫస్టు వస్తే నాన్న పెన్ను కొనిచ్చారు. సెంట్రిఫ్యూగల్ హౌసులో నల్లటి పాకం తెల్లబడటం నేను చూసినట్టే అతనూ వాళ్ల నాన్న పక్కన నిలబడి చూశాడట. తరవాత చదువులు, ఊళ్లు, ఉద్యోగాలు. పెళ్లయింది, ఆ అమ్మాయి జబ్బు చేసి పోయి చాలా ఏళ్లయింది. పిల్లల్లేరు. మా కాలేజీలో చేరిన మొదటివారం "మీది ఉయ్యూరేనాండీ? కృష్ణారావుగారి అమ్మాయేనా?" అని అడిగితే గానీ నేను గుర్తుపట్టలేదు.

మా బూడిద పరీక్షల ఫలితాలు పోయిన నెలలో వచ్చాయి. బయటి వలయాల మీద పేరుకున్న పొరలో బరువైన లోహాలు లోపలికంటే బాగా ఎక్కువగా ఉన్నాయి. మా పనికి ఇంకో మూడేళ్లు గడువిచ్చారు. ఆ కబురు తెలిసిన సాయంత్రం ఇబ్రహీంపట్నం రింగు సెంటరు దగ్గర టీ తాగుతూ సొలొమోనుగారు, "ఇంటికెళ్లాక కూడా మీతో మాట్లాడాలని ఉంటుందండి" అన్నారు. నాకూ అలాగే ఉంటుందని చెప్పాను. నలభై ఆరేళ్లొచ్చిన దాన్ని, తల తిప్పుకుని లారీల వైపు చూస్తూ చెప్పాను.

పెళ్లి చేసుకుందామనుకుంటున్నాం అమ్మా. రిజిస్ట్రారు ఆఫీసులో. అతను చర్చికి వెళ్తాడు, నేను నా దేవుడి గూటి ముందు దీపం పెట్టుకుంటాను. నన్ను మారమని అతను అడగలేదు, నేనూ అతన్ని అడగను.

ఉయ్యూరు వెళ్లింది అందుకే. వాళ్లమ్మ తెరేసమ్మగారికి చెప్పడానికి. ఆవిడ నా చెయ్యి పట్టుకుని మంచం మీద కూర్చోబెట్టుకుంది. అంతా విని, "మీ అమ్మగారికి తెలుసా అమ్మా?" అంది. ఇంకా చెప్పలేదన్నాను. ఆవిడ చెయ్యి వదిలేసింది. "ముందు ఆవిడకి చెప్పు. మాణిక్యమ్మగారు ఔనన్నాకే నేను మీ తల మీద చెయ్యి పెడతాను. ఆవిడ బాధపడే పని మా ఇంట్లో నుంచి జరగకూడదు" అంది.

తిరిగొస్తున్నప్పుడు బస్సులో నాకు ఒక గ్లాసు గుర్తొచ్చింది. నిన్ను నొప్పించడానికి రాయడం లేదు. మన వరండా గూట్లో ఒక గ్లాసు విడిగా ఉండేది. ఆమోసుగారు వస్తే దాంట్లోనే కాఫీ ఇచ్చేదానివి. ఆయన తాగి, కుళాయి దగ్గర కడిగి, మళ్లీ గూట్లో పెట్టి వెళ్లేవారు. ఆ రోజుల్లో అందరిళ్లలోనూ అంతే. నాన్న చూసేవారు, ఏమీ అనేవారు కాదు. తరవాత నాన్నకి పనిలో ఉండగా గుండెనొప్పి వచ్చింది. ఆమోసుగారే లారీ ఆపి బెజవాడ తీసుకొచ్చి, ఆసుపత్రిలో పక్కనే ఉండి, ఆపరేషనుకి రక్తమిచ్చి, మనిషిని ఇంటికి తెచ్చారు. ఆ మర్నాడు పొద్దున్న ఆయన పలకరించడానికి వచ్చి ఎప్పట్లాగే వరండాలో నిలబడ్డారు. నువ్వు వంటింట్లోంచి వచ్చి, "లోపలికి రండి అన్నయ్యగారూ" అన్నావు. ఆయన కదల్లేదు. నువ్వు మళ్లీ అన్నావు. మన గ్లాసులో కాఫీ పోసి నీ చేత్తో ఇచ్చావు. నాన్న మంచం మీద నుంచి చూస్తూ కళ్లు తుడుచుకున్నారు. గూట్లో గ్లాసు ఏం చేశావో నాకు తెలియదు, మళ్లీ కనబడలేదు. "ఇకనుంచి ఆయన్ని మామయ్యా అనాలి" అని నాకు చెప్పింది నువ్వే.

ఆ వరసన నువ్వు అన్నయ్యా అని పిలిచినాయన కొడుకు నాకు ఏమవుతాడో నువ్వే చెప్పు.

జయంత్ అన్నయ్య ఏమంటాడో నాకు తెలుసు. చుట్టాలు ఏమంటారో కూడా తెలుసు. వాళ్లందరికీ నేను జవాబు చెప్పుకోగలను. నీకు మాత్రం జవాబు చెప్పుకోవాలని లేదు, నీ నోటితో ఒక మాట వినాలని ఉంది. అది ఏ మాటైనా సరే, అన్నయ్యతో చెప్పించకు.

రిజిస్ట్రారు ఆఫీసులో ముగ్గురు సాక్షులు కావాలన్నారు. సొలొమోనుగారి తరఫున వాళ్ల పాస్టరుగారు సంతకం పెడతారు. లక్ష్మీకాంత్ ఒకటి పెడతానన్నాడు. మూడో సాక్షిగా ఎవరి పేరు రాయాలని గుమాస్తా అడిగితే నేను ఆలోచిస్తుండగానే, "మాణిక్యమ్మగారండి" అని సొలొమోనుగారు చెప్పేశారు. అడ్రసు అడిగితే జంషెడ్‌పూర్ అన్నాను. "అంత దూరం నుంచి ఆవిడ వస్తారాండీ?" అన్నాడు గుమాస్తా.

తెలియదన్నాను. వస్తావా అమ్మా?

ఇట్లు,
నీ సమాధానం కోసం ఎదురుచూస్తూ,
నీ కూతురు
చిన్ని